సింహం పిల్లకు పాలు పట్టడానికి రెండు లక్షలా?

ప్రశ్న: అక్కా, హనుమకొండలో బీఎస్సీ జువాలజీ పూర్తి చేశాను. దక్షిణాఫ్రికాలో నెల రోజులు వన్యప్రాణుల సంరక్షణకు వలంటీర్‌గా పనిచేసే ప్రోగ్రామ్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. ఫీజు రెండు లక్షలు, విమానం టికెట్ వేరే. సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టొచ్చు, వాటితో కలిసి నడవొచ్చు అని ఫొటోలు పెట్టారు. అమ్మ సగం ఒప్పుకుంది. నాన్న మాత్రం "పైసలిచ్చి పని చేసుడేంది" అంటున్నాడు. వెళ్లమంటారా? – ఒక చెల్లె, హనుమకొండ

జవాబు: మీ నాన్న అడిగింది మంచి ప్రశ్నే, దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఆ ఫొటోల సంగతి. ఆ ప్రోగ్రామ్‌కు మాత్రం వద్దు చెల్లె. అడ్వాన్స్ కట్టి ఉంటే అది పోయినా సరే, వద్దు.

ఎందుకంటే, ఏ నెలలో ఎవరు వెళ్లినా సీసాతో పాలు తాగే వయసు పిల్లలు అక్కడ సిద్ధంగా ఉంటున్నాయంటే, పుట్టిన కొద్ది రోజులకే ఎవరో వాటిని తల్లి దగ్గర నుంచి లాగేస్తున్నారన్నమాట. పిల్లలు దూరమైతే తల్లి మళ్లీ తొందరగా ఎదకు వస్తుంది, మళ్లీ ఈనుతుంది, మళ్లీ కొత్త ఫొటోలు. "అనాథ పిల్లలు, పెద్దయ్యాక అడవిలో వదిలేస్తాం" అని రాస్తారు కానీ, మనిషి చేతిలో పెరిగి భయం పోయిన సింహాన్ని అడవిలో వదిలితే అది నేరుగా ఊళ్లోకే నడుస్తుంది. మరి పెద్దయినవి ఏమవుతాయి? దక్షిణాఫ్రికాలో ఇలా కంచెల మధ్య పెంచిన సింహాలు వేలల్లో ఉన్నాయి. కొన్నింటిని కంచె లోపలే పైసలు తీసుకుని వేటగాళ్లతో కాల్పిస్తారు, ఎముకలేమో ఆసియా దేశాలకు పోయాయి. ఈ పెంపకాన్ని ఆపేస్తామని అక్కడి ప్రభుత్వమే 2021లో ప్రకటించింది. నువ్వు ప్రేమతో పట్టే ఆ పాలసీసా ఈ వ్యాపారంలో మొదటి మెట్టు. జువాలజీ చదివినదానివి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా.

అసలు పని ఎలా ఉంటుందో చెప్తా విను. నేను వెళ్లింది క్రూగర్ నేషనల్ పార్క్ పడమటి అంచున ఉన్న ఒక ప్రైవేట్ రిజర్వ్‌కి. క్రూగర్ అంటే దాదాపు ఇరవై వేల చదరపు కిలోమీటర్లు, మన ఏటూరునాగారం అభయారణ్యం లాంటివి ఇరవైకి పైగా పడతాయి. నేనేమో రోజూ సింహాలను చూస్తానని బైనాక్యులర్స్ కొనుక్కుని పోయాను. మొదటి వారమంతా గొడ్డలి చేతికిచ్చి కంప కొట్టించారు! గడ్డి మైదానాన్ని ముళ్లపొదలు కమ్మేస్తే జింకలకూ జీబ్రాలకూ మేత ఉండదు, అందుకని పొదలు నరకాలి. తీరా చూస్తే ఆ ముళ్లపొద మన దగ్గర వెలుతురు చెట్టు అంటామే, అదే. ఆ తర్వాత నాగజెముడు. అది అమెరికా ఖండం నుంచి వచ్చి క్రూగర్‌లో కూడా తిష్ట వేసింది, దాన్ని అణచడానికి దాని రసం పీల్చే పురుగును కూడా వదిలారు. అరచేతులు పొక్కులెక్కి, ఇంత దూరం వచ్చి ఈ కూలి పనేందిరా దేవుడా అని ఒక రాత్రి గుడారంలో ఏడ్చాను కూడా.

రెండో వారం నుంచి నచ్చింది. ఉచ్చులు ఏరడానికి వరసగా నిలబడి పొదల్లో నడవడం, ఒక్కో తీగ దొరికినప్పుడు గైడ్ దాన్ని మౌనంగా సంచిలో వేసుకోవడం. ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ల కార్డులు తెచ్చి వేల ఫొటోలు చూడడం, అందులో సగానికి పైగా గాలికి ఊగిన గడ్డే. చిరుతను మచ్చలను బట్టి, ఆఫ్రికా అడవి కుక్కను ఒంటి మీది రంగుల మరకలను బట్టి గుర్తుపడతారు, మనిషి వేలిముద్రల్లాగా. ఖడ్గమృగం కనిపిస్తే మాత్రం ఫోన్ జేబులోనే. ఫొటోతో పాటు లొకేషన్ బయటికి పోతే వేటగాళ్లకు దారి చూపినట్టే. ఒక్క 2014లోనే దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాలను చంపారు, అది కూడా మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారైన కొమ్ము కోసం. నెల మొత్తంలో సింహాన్ని మూడుసార్లే చూశాను, మూడుసార్లూ జీపులోంచే.

ఇక మీ నాన్న ప్రశ్న. ఆ పైసలు తిండికి, గుడారానికి, డీజిల్‌కు, తుపాకీ పట్టుకుని ముందు నడిచే గైడ్ జీతానికి పోవాలి. పోతున్నాయా అన్నది నువ్వే అడిగి తెలుసుకోవాలి. నా విషయంలో మధ్యలో ఉన్న ఏజెన్సీయే సగం దాకా నొక్కేసిందని అక్కడికి పోయాకే తెలిసింది. కాబట్టి రిజర్వ్ వాళ్లకే నేరుగా రాయి. ఫీజు లెక్క, మేం సేకరించిన వివరాలు ఎవరికి పోతాయి, ఏ పరిశోధకుడు వాడుతున్నాడు, జంతువులను ముట్టుకోనిస్తారా అని అడుగు. చివరి ప్రశ్నకు "అవును" అంటే అక్కడితో ఆపెయ్. ఇంకోటి, ఊరివాళ్లకు దొరికే కూలిని నీతో చేయిస్తున్నారేమో కూడా కనుక్కో. అసలు కాపలా కాసేది మనలాంటి వలంటీర్లు కాదు. క్రూగర్ పక్కన బలూలేలో 2013 నుంచి బ్లాక్ మాంబాస్ అనే దళం తిరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే, చేతిలో తుపాకీ లేకుండా కంచె పొడవునా నడుస్తారు. వాళ్ల ముందు మనం నెల రోజుల చుట్టాలం.

టూరిస్ట్ వీసా మీద ఈ పని చేయొచ్చా లేదా అన్నది ఏజెంట్ నోటిమాట మీద నమ్మకు, వీసా ఆఫీసును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకో.

ప్రశ్న: మా అబ్బాయి జూన్‌లో ఆఫ్రికా అడవికి వలంటీర్‌గా వెళ్తానంటున్నాడు. మలేరియా, పాములు, టీకాలు అని మాకు ఒకటే టెన్షన్. – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: జూన్ మంచి నెలే అండీ. అక్కడ దక్షిణాన అది చలికాలం, వానలు ఉండవు, దోమలు తక్కువ, గడ్డి ఎండి జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి. పొద్దున్నే పైకప్పు లేని జీపులో వణికిపోతారు కాబట్టి స్వెటర్ పెట్టండి, ఆఫ్రికా అంటే ఎండే అనుకుని మేమంతా మోసపోయాం. క్రూగర్ మలేరియా ప్రాంతమే. డాక్టర్‌ను అడిగి ముందు నుంచే మాత్రలు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి. ఆ భయమే వద్దనుకుంటే ఈస్టర్న్ కేప్‌లోని అడ్డో ఏనుగుల పార్క్ వైపు మలేరియా లేదు.

కెన్యా, ఉగాండా అయితే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టికెట్ చవక అని ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా బుక్ చేస్తే, అదీ ఎల్లో ఫీవర్ ఉన్న దేశమే కాబట్టి, దిగేది దక్షిణాఫ్రికాలోనే అయినా ఈ సంగతి ముందే చూసుకోండి.

పాముల్లో జాగ్రత్త పడాల్సింది పఫ్ ఆడర్‌తో. మన రక్తపింజర లాగే లావుగా, బద్ధకంగా దారి మీదే పడుకుంటుంది, అడుగుల చప్పుడుకు పక్కకు జరగదు. రాత్రి టార్చ్ లేకుండా బాత్రూమ్‌కు కూడా వెళ్లొద్దని చెప్పండి. అబ్బాయి వింటాడో లేదో, అది మీ ఇంటి సంగతి.

ప్రశ్న: నేను శాకాహారిని. అక్కడ ఏం తినాలి? – ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: పాప్ అని పెడతారు, అచ్చం మన మక్క గట్కే. బీన్స్ కూర, పల్లీల ముద్ద కూడా దొరుకుతాయి. మామిడికాయ తొక్కు తీసుకెళ్తే సీసాను రెండు మూడు కవర్లలో చుట్టండి. నాది బ్యాగ్‌లో పగిలి నెల రోజులూ నా టోపీ వెల్లుల్లి వాసన కొట్టింది, ఆ వాసనకు వెర్వెట్ కోతులు నా గుడారాన్ని వదిలితే ఒట్టు.