లడాఖ్ వెళ్తున్న మేనల్లుడికి

చిన్నూ,

ఫిబ్రవరిలో మంచు చిరుతను చూడ్డానికి లడాఖ్ వెళ్తున్నావని మీ అమ్మ ఒకటే టెన్షన్. "రెండుసార్లు వెళ్లొచ్చావుగా వదినా, వాడికి నాలుగు ముక్కలు చెప్పు" అంది. మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని నువ్వు మల్లేశ్వరం వచ్చేదెప్పుడు, నేను చెప్పేదెప్పుడు అని రాసేస్తున్నా.

ప్రతి ఆదివారం నంది కొండ ఎక్కుతున్నావట. కాళ్లకు మంచిదే. కానీ నంది కొండ 1,478 మీటర్లు, లేహ్ ఊరే 3,500. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరకల్లా దింపేస్తాడు. ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడటానికి మాత్రం కనీసం రెండు రోజులు కావాలి. మొదటిసారి నేను దిగిన సాయంత్రమే హుషారుగా శాంతి స్తూపం మెట్లెక్కాను. రాత్రంతా తలపోటు, వాంతులు. నువ్వు ఆ రెండు రోజులూ ఎక్కడికీ ఎక్కకు. ఎత్తుకు ఒళ్లు సర్దుకోవడానికి వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి ఇక్కడే డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పు. తలనొప్పి తగ్గకపోతే పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తోందంటే వెంటనే కిందికి దిగడమే, పరువు చూసుకోకు.

నీ ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. కెమెరా బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో పెట్టుకో, చలికి ఇట్టే చచ్చిపోతాయి. కుక్కలు గుంపుగా తిరుగుతాయి, మన వీధికుక్కల్లా అనుకోకు. చేతిలో కర్ర ఉండాలి.

ఇక అసలు విషయం. చిరుత కోసం వెతికావా, నీకేమీ కనపడదు. దాని ఒళ్లూ బండా ఒకే రంగు. భరల్‌లను చూడు, అదే ఆ నీలి గొర్రెల్ని. చలికాలంలో అవి మేతకు కిందికి దిగుతాయి, వాటి వెనకే అదీ వస్తుంది. రెండోసారి రుంబక్ లోయలో, మూడో రోజు, ఎదుటి వాలులో పదకొండు మేస్తున్నాయి. ఒకటి తలెత్తింది. తర్వాత మిగతావన్నీ. నోట్లో గడ్డి అలాగే ఉంది, నమలడం ఆపేశాయి, అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. ఈల వేసినట్టు ఒక అరుపు. గైడ్ స్కోపు అటు తిప్పి "షాన్" అన్నాడు గుసగుసగా. లడాఖీలో మంచు చిరుతను అలాగే అంటారు. నాకు బండ తప్ప ఏమీ కనపడలేదు. ఇంతలో ఆ బండ మీంచి వేలాడుతున్న మోకు ఒకటి అటునుంచి ఇటు పడింది. తోక! దాదాపు మీటరు పొడవుంటుందిలే.

అంత దగ్గరేం కాదు, కిలోమీటరు దూరం. ఇంకాస్త దగ్గరికి పోదామని గైడ్‌ను సతాయించకు. ఒకప్పుడు చిరుత దొడ్లో దూరి మేకల్ని చంపేదని దాని మీద కసిగా ఉండేవాళ్లు అక్కడివాళ్లు. ఇప్పుడు దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇళ్లలో గదులిచ్చి నాలుగు డబ్బులు చూసుకుంటున్నారు. అందుకే హోటల్ వద్దు, వాళ్లింట్లోనే ఉండు. పొడి మరుగుదొడ్డి చూసి మొహం ముడుచుకోకు, పని అయ్యాక గుప్పెడు మట్టి వేస్తే సరి.

2024 జనవరిలో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో మంచు చిరుతలు 718 ఉంటే, లడాఖ్‌లోనే 477. అయినా మొదటిసారి వారం ఉండి నేను చూసొచ్చింది అడుగుజాడలే.

వచ్చే ఆదివారం నంది కొండ మానేసి ఇటు రా. నా బైనాక్యులర్స్ ఇస్తాను. కారప్పొడి డబ్బా కూడా కట్టి ఉంచుతా, నీకు కాదు, రుంబక్‌లో నాకు తుక్పా వండి పెట్టినావిడకు.

మీ అత్త