అడ్వాన్స్ ఇచ్చి తీసుకెళ్తామంటే...

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. బొమ్మనహళ్లిలో అద్దెకుంటున్నాం. పక్కింటి అమ్మాయికి 19 ఏళ్లు, గార్మెంట్స్‌లో కుడుతుంది. తండ్రి లేడు. శనక్కాయ పంటకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. తెలిసినావిడ ఒకామె ముంబైలో బ్యూటీపార్లర్ పని, నెలకు 35 వేలు అని చెప్పి తల్లి చేతిలో 20 వేలు పెట్టింది. అనుమానించాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తప్పకుండా అనుమానించాలి, అదీ ఆ 20 వేల దగ్గరే. పని పేరు చెప్పి తీసుకెళ్లి వ్యభిచారంలోకి దించే మనుషుల అక్రమ రవాణా తరచూ ఇలాగే మొదలవుతుంది. పనిలో చేరకముందే ఇంట్లోవాళ్లకిచ్చే డబ్బు పగ్గం లాంటిది. అక్కడికెళ్లాక టికెట్, గది, తిండి, బట్టలు అన్నీ దానికే కలిపి, బాకీ తీరేదాకా కదలనివ్వరు. ఫోన్, ఆధార్ లాక్కుంటారు. వీడియో తీసి ఊళ్లో చూపిస్తామని బెదిరిస్తారు. తలుపు తీసే ఉన్నా ఆడపిల్ల బయటికి రాలేకపోయేది అందుకే.

చదువులేనివాళ్లే, అమాయకులే మోసపోతారనుకోవడం పొరపాటు. బ్రోకర్లు చూసేది ఆ ఇంటి పరిస్థితిని. పెద్దదిక్కు పోయిందా, వడ్డీవాడు గుమ్మంలో కూర్చుంటున్నాడా, భర్త వదిలేశాడా, ఇంట్లో కొడుతున్నారా, పిల్ల కనబడకపోతే స్టేషన్‌కెళ్లి అడిగేవాళ్లున్నారా? మగపిల్లలు, ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్‌జెండర్ పిల్లలు కూడా ఇలాగే చిక్కుతారు. తీసుకెళ్లేది చాలాసార్లు బంధువో, ఊరావిడో, పెళ్లాడతానన్నవాడో.

ఆ పార్లర్ పేరు, చిరునామా అడగండి. పగటిపూట షాపులోంచి వీడియో కాల్ చేయించి, అక్కడ పనిచేసే అమ్మాయితో బ్రోకర్ పక్కన లేకుండా మాట్లాడించండి. "అక్కడికెళ్లాక అన్నీ తెలుస్తాయి" అన్నారంటే పంపొద్దు. అడ్వాన్స్ ఫోన్‌పే లాంటి దానిలో తిరిగిచ్చేస్తే రుజువుంటుంది. ఖర్చయిపోయినా భయపడకండి. అప్పు కింద మనిషిని పనికి కట్టేసుకోవడాన్ని 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టమే నిషేధించింది.

ప్రశ్న: మా బంధువులమ్మాయి అలాగే వెళ్లి నెలైంది, ఫోన్ కలవడం లేదు. మేజరు, ఇష్టపడి వెళ్లింది కాబట్టి కేసు కాదంటున్నారు. నిజమేనా?
– మారతహళ్లి నుంచి ఒకరు

జవాబు: కాదు. మోసంతోనో, బెదిరించో, డబ్బు ఆశ చూపో వ్యభిచారం, వెట్టిచాకిరి లాంటి దోపిడీ కోసం తీసుకెళితే, ఆమె ఒప్పుకుందన్న మాట చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. శిక్ష 7 నుంచి 10 ఏళ్లు. బాధితులు 18 ఏళ్లలోపువారైతే కనీసం 10 ఏళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు.

ముందుగా బ్రోకర్‌కు ఫోన్ చేసి తిట్టొద్దు. చాలా కుటుంబాలు చేసే తప్పు ఇదే, ఆ రాత్రికే పిల్లను ఇంకో ఊరికి మార్చేస్తారు. మీరే వెళ్లి విడిపించుకోవాలనీ చూడొద్దు. చాట్లు, డబ్బు పంపిన వివరాలు, బ్రోకర్ ఫొటో, చివరిగా ఫోన్ వచ్చిన తేదీ భద్రపరిచి స్టేషన్‌కెళ్లండి. బెంగళూరులోనైనా మీ ఊళ్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) రాయాల్సిందే, మా పరిధి కాదని పోలీసులు అనకూడదు. 24 గంటలు ఆగాలన్న నియమమేదీ లేదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు. రాయకపోతే ఫిర్యాదును డీసీపీకి, జిల్లాలోనైతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100.

పిల్ల దొరికాక వెంటనే ఇంటికి పంపకుండా రక్షణ హోమ్‌లో ఉంచితే గొడవపడకండి. చుట్టాలమని చెప్పి బ్రోకర్ మనుషులే వస్తుంటారు, అందుకే మేజిస్ట్రేట్ ముందు విచారణ జరిపిస్తారు. మీ ఆధార్, రేషన్ కార్డు, ఆమెతో కలిసి దిగిన పాత ఫొటోలు పట్టుకెళ్లండి.