చిన్న కారు వెనక తెరచాప పడవ: ముందు కాటా వేయించండి

మీరు అడిగింది ఇది కదా: ఇంగ్లండ్‌లో ఉంటున్నారు, 1.2 లీటర్ల చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది, 17 అడుగుల క్యాబిన్ ఉన్న పాత తెరచాప పడవ ఒకటి ట్రెయిలర్‌తో సహా చవగ్గా వస్తోంది, అమ్మేవాళ్లేమో అంతా కలిపి 400 కిలోలే, ఏ కారైనా లాగేస్తుంది అంటున్నారు, నమ్మొచ్చా అని. నమ్మకండి. కాటా వేయించకుండా డబ్బు కట్టకండి. నేను సరిగ్గా ఇదే మాట విని ఇలాంటి పడవే కొని, ఇంట్లోవాళ్లందరినీ కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

అలాగని చిన్న కారు పడవను లాగలేదని కాదు. నా స్కోడా ఫాబియాతో రెండేళ్లు వేఫేరర్ అనే డింగీని (క్యాబిన్ లేని చిన్న తెరచాప పడవ) ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఫార్మూర్ రిజర్వాయర్‌కి తీసుకెళ్లాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు. అది 16 అడుగుల పడవే కానీ ఉత్త పడవ బరువు 169 కిలోలు, మాస్టూ (తెరచాప కట్టే స్తంభం) తెరచాపలూ ట్రెయిలరూ కలిపినా 300 దరిదాపుల్లో ఉండేది. క్యాబిన్ ఉన్న పడవ దగ్గరే లెక్క మారిపోతుంది.

ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పే బరువు చాలాసార్లు ఖాళీ పడవది, అదీ కొత్తగా ఉన్నప్పటిది. దానికి ట్రెయిలర్ ఇనుము, వెనక ఇంజను, పెట్రోలు డబ్బా, లంగరు, గొలుసు, లైఫ్ జాకెట్లు, పిల్లల సామాను అన్నీ కలుస్తాయి. పాత పడవైతే లోపలి చెక్క, ఫోమ్ నీళ్లు పీల్చి ఉంటాయి. నాకు చెప్పింది 450. తర్వాత పాత ఇనుము యార్డులో, మన దగ్గర చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కినట్టు, కాటా మీదకి ఎక్కిస్తే 640 చూపించింది.

ఇక్కడి రూల్ ప్రకారం బ్రేకులు లేని ట్రెయిలర్ మొత్తం బరువు 750 కిలోలు దాటకూడదు, కారు బరువులో సగం కూడా దాటకూడదు, రెండిట్లో ఏది తక్కువైతే అది. నా కారు దాదాపు 1,100, అంటే 550 కన్నా ఎక్కువ లాగకూడదు. నేను 640 లాగుతున్నాను, నా ట్రెయిలర్‌కి బ్రేకులు లేవు. తెలియక చేసినా తప్పు తప్పే, ఇన్సూరెన్స్ దగ్గర కూడా అది సాకు కాదు.

ఇంజను మాత్రం హాయిగా లాగింది, మోసం అక్కడే ఉంది. ఏ34 హైవే మీద సముద్రం వైపు వెళ్తున్నాం, చిల్టన్ దాటాక ఎత్తుపల్లాలు వస్తాయి. ఒక దిగుడులో పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది, ఆ గాలికి ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత కారు వెనక భాగాన్ని కూడా అటూ ఇటూ ఈడుస్తూ. ఆ పది సెకన్లు నేను ఎప్పటికీ మర్చిపోలేను, వెనక సీట్లో పిల్లలు ఒక్కసారిగా మాట్లాడటం ఆపేశారు. నేను చేసిందల్లా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేకు ముట్టుకోకుండా, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడం. ఊపుకి ఎదురు తిప్పబోతే ఇంకా పెరుగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే ట్రెయిలర్ ముందుకు తోసుకొచ్చి కారుని అడ్డం తిప్పేస్తుంది. వేగం గంటకి 40 మైళ్లకి పడ్డాక అదే సర్దుకుంది.

తర్వాత ఆగి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. ఇంజను, లంగరు, డబ్బాలు అన్నీ పడవ వెనక భాగంలోనే పెట్టాను. ఎడ్లబండి కట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది, అందుకే బండి కాస్త ముందుకు మొగ్గుతూ ఉండాలంటారు. ట్రెయిలర్‌దీ అదే సంగతి. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం దాకా టో బార్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే కడ్డీ) బంతి మీద పడాలి, అలాగని మీ కారు మాన్యువల్లో ఆ బంతికి ఇచ్చిన పరిమితి దాటకూడదు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ మీద చెక్క ముక్క నిలబెట్టి, ట్రెయిలర్ ముక్కును బంతి ఎత్తులో దాని మీద ఆనిస్తే తెలిసిపోతుంది. ఐదు నిమిషాల పని. (అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఈ అంకెలు తీసుకోకండి, అక్కడ 10 నుంచి 15 శాతం చెబుతారు, పైగా ఇక్కడ లాగొచ్చన్న కారుకే అక్కడి మాన్యువల్ వద్దనొచ్చు.)

ఇప్పుడు మీ కారు సంగతి. డోరు దగ్గరో బానెట్ కిందో ఒక ప్లేటు ఉంటుంది, దాని మీద నాలుగు బరువులు ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే, కారు నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ట్రెయిలర్ లాగొచ్చో వస్తుంది. రెండో అంకె లేకపోతే ఆ కారు వెనక ఏదీ తగిలించకూడదు, కొన్ని చిన్న కార్లు, హైబ్రిడ్లు అలా ఉంటాయి, టో బార్ కొనేముందే చూసుకోండి. వీ5సీ (కారు రిజిస్ట్రేషన్) కాగితంలో కూడా బ్రేకులున్న ట్రెయిలర్‌కి, లేనిదానికి వేర్వేరుగా రాసి ఉంటుంది. ఆ అంకె గరిష్ఠం మాత్రమే. మొదటిసారి లాగేవాళ్లు మొత్తం బరువు కారు బరువులో 85 శాతం లోపే ఉంచుకోవాలని ఇక్కడ సలహా ఇస్తారు, నేనైతే చిన్న కారుకి 70 దాటించను.

నేను చివరికి బ్రేకులున్న సెకండ్ హ్యాండ్ ట్రెయిలర్ కొన్నాను, డబ్బు కొంచెం బాధపెట్టినా తేడా మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసింది. పడవను క్లబ్బు దగ్గరే ఉంచేస్తున్నాను, ఏడాదికి రెండుసార్లే లాగుతాను. రోడ్డు మీద టెన్షన్ పోవడానికి అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, మీక్కూడా అదే చెబుతాను.

పడవను నీళ్లలోకి దింపే ర్యాంపు దగ్గర కూడా జాగ్రత్త. చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాలతో నడుస్తాయి, ట్రెయిలర్ బరువు వెనక పడేసరికి ముందు చక్రాలు తేలికైపోయి పాచి పట్టిన ర్యాంపు మీద ఉత్తగా తిరుగుతాయి, క్లచ్ కాలిన వాసన వస్తుంది. పొడవాటి తాడు కట్టి, కారుని పైన పొడి నేల మీద ఉంచి లాగండి. రోడ్డు ట్రెయిలర్ చక్రాలు ఉప్పునీళ్లలో ముంచితే, ముఖ్యంగా వేడిగా ఉన్నప్పుడు, బేరింగుల్లోకి నీళ్లు వెళ్లి తర్వాతి ప్రయాణంలో పట్టేస్తాయి. మాస్ట్ నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి, అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే ప్రాణాలే పోతాయి.

కొనేముందు అమ్మేవాళ్లని కాటా దగ్గరకి రమ్మనండి. రానంటే ఆ పడవ వదిలేయండి. వస్తే, ఆ చీటీలో ఉన్న బరువు, మీ ప్లేటు మీదున్న నాలుగు అంకెలు, ట్రెయిలర్‌కి బ్రేకులు ఉన్నాయో లేదో ఇక్కడ రాయండి, లెక్క చూసి చెబుతాను.