అరణపు ఆవు సంతతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు పోయిన ఏడాది కార్తిక మాసంలో, ఎనభై దాటిన వయసులో కాలం చేశారు. మాది టంగుటూరు దగ్గర ఒక పల్లె. ఐదో తరగతితో చదువు మాని, ఆయన జీవితమంతా ఒంగోలు ఆవుల మధ్య, ఎడ్ల మధ్య గడిపారు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు అరణంగా ఇచ్చిన ఆవు ఒకటి వెంట వచ్చిందట. ఆ తర్వాత నాన్నగారు మంచి పశువుల రైతుగా పేరు తెచ్చుకున్నారు, బండలాగుడు పందేల్లో మూడుసార్లు గెలిచారు. సంవత్సరీకానికి బంధువులకు పంచడానికి చిన్న పుస్తకం వేయాలని నేనూ అన్నయ్యా అనుకున్నాము. రాయడానికి కూర్చుంటే ‘కష్టజీవి, పశువులను ప్రాణంగా చూసుకున్నారు, కుటుంబమే లోకంగా బతికారు’ అన్న మూడు మాటల దగ్గరే కలం ఆగిపోతోంది. తేదీలు ఎవరికీ తెలియవు. నా చదువు ఖర్చుకు ఆయన చివరి ఎడ్ల జతను అమ్మిన సంగతి రాయవద్దని అన్నయ్య అంటున్నారు. మా ఊరి ఆబోతు బ్రెజిల్ వెళ్ళిందని నాన్నగారు చెప్పేవారు, అది రాయవచ్చునా? అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీరు రాసిన మూడు మాటలూ నిజమే అయి ఉంటాయి. కానీ ఆ మాటలు టంగుటూరులో ఏ రైతు పోయినా చెప్పుకొనేవే కనుక, వాటిలో మీ నాన్నగారు ఎక్కడా కనిపించరు. మీ పుస్తకం నిజానికి మీ ఉత్తరంలోనే ఉంది. ‘వచ్చిందట’ అని ఒక్క ‘ట’తో మీరు దాటిపోయిన ఆ అరణపు ఆవు దగ్గర అది మొదలవుతుంది.

అరణం అంటే ఆడపిల్లకు పుట్టిల్లు ఇచ్చి పంపే సొత్తు. ఆ ఆవు మీ అమ్మగారిది. పందెంలో గెలిచిన ఎడ్లలో దాని కడుపున పుట్టినవి ఎన్నో, కొని తెచ్చినవి ఎన్నో ముందు తెలుసుకోండి. మూడింట ఒక్కసారైనా ఆ సంతతి కోడె కాడి కింద ఉండి ఉంటే, మీ నాన్నగారి పేరుకు మొదలు మీ అమ్మగారి ఆవు అన్నమాట. ఇందువల్ల ఆయన గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు. వచ్చిన ఆవును నిలబెట్టుకోవడం, దానికి ఏ ఆబోతును కట్టించాలో ఎంచుకోవడం, పుట్టిన పెయ్యల్లో ఏది ఇంట ఉండాలో ఏది సంతకు పోవాలో తేల్చుకోవడం, కరువు ఏట చొప్ప కొనలేక చేతిలో ఉన్న సొమ్ముకూ కొట్టంలో ఉన్న ప్రాణానికీ మధ్య నలిగి ఏదో ఒక నిర్ణయానికి రావడం, ఇవన్నీ ఆయన చేసినవే. పశువుల రైతు నేర్పరితనమంతా ఆ ఎంపికల్లో ఉంటుంది. పందెం పటాలకు పుస్తకంలో ఒక పేజీ చాలు.

ఇంకొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. మన ఊళ్లలో పశువుల రైతు అనగానే మగమనిషే గుర్తుకు వస్తాడు. తెల్లవారకముందే కొట్టం ఊడ్చి పేడ గంపకెత్తినది ఎవరు, కుడితి తొట్టి నింపినది ఎవరు, ఉలవలు ఉడకబెట్టినది ఎవరు, పాలు పితికినది ఎవరు, ఈనిన ఆవు మాయ వేసేదాకా లాంతరు పెట్టుకుని కూర్చున్నది ఎవరు అని ఒక్కొక్కటిగా అడిగి చూడండి. వచ్చే జవాబులలో సగానికి పైగా మీ అమ్మగారే ఉంటారని నా అనుమానం. మీ నాన్నగారు కుటుంబమే లోకంగా బతికారని మీరు నమ్మించదలచుకుంటే, ఆ ఇద్దరి పని ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో, ఏ విషయంలో మాటామాటా పెరిగిందో రాయండి. అలా రాస్తే ‘కుటుంబం’ అన్న మాట వాడే అవసరమే రాదు.

తేదీలు లేవన్న దిగులు పెట్టుకోకండి. పశువులున్న ఇంటికి పంచాంగం పశువులే. ‘బొల్లావు రెండో ఈత నాటికి నువ్వు పాకుతున్నావు’ అని మీ అమ్మగారు అంటే అది తేదీ కిందే లెక్క. ఒంగోలు పెయ్య సాధారణంగా మూడున్నర నాలుగేళ్ళ వయసులో తొలిచూలు ఈనుతుంది. చూలు నిలిచినప్పటి నుంచి ఈనేదాకా తొమ్మిది నెలల పైచిలుకు, అంటే సుమారు 285 రోజులు. ఈతకూ ఈతకూ మధ్య ఏడాదింబావు నుంచి ఏడాదిన్నర దాకా పడుతుంది. కనుక ఏడు ఈతలు ఈనిన ఆవు అంటే దాని వయసు పన్నెండు పదమూడేళ్ళని లెక్క కట్టవచ్చు. తల్లి, బిడ్డ, మనుమరాలు, మునిమనుమరాలు అని నాలుగు తరాల పేర్లు మీ అమ్మగారికి గుర్తుంటే ఇరవై ఏళ్ళ చరిత్ర మీ చేతికి వచ్చినట్లే. ఎడ్ల వయసుకైతే పళ్ళ లెక్క ఉండనే ఉంది. రెండేళ్ళు దాటాక పాలపళ్ళు పోయి రెండు పెద్ద పళ్ళు వేస్తాయి, తర్వాత నాలుగు, ఆరు, చివరకు ఐదో ఏటికి కాస్త అటూ ఇటూగా నోరు నిండుతుంది. బండలాగుడు పందేల్లో జతలను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు కదా, ‘నాలుగు పళ్ళ పందెంలో గెలిచాం’ అని ఎవరైనా అంటే ఆ జత అప్పటికి మూడేళ్ళు నిండిన పడుచు జత అని మీకు తెలిసిపోతుంది.

ఈ లెక్కను కాలానికి ముడివేయడానికి అందరూ ఎరిగిన కొన్ని గుర్తులు కావాలి. మీ ప్రాంతానికి అటువంటివి చాలానే ఉన్నాయి. పెళ్ళి జిల్లా రాకముందా, వచ్చాకా అని అడగండి: ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన, 1979 మే నెలలో మీ తీరాన్నే తాకిన తుపాను, 1980 ఫిబ్రవరి 16న పట్టిన సూర్యగ్రహణం, 1990 మే తుపాను, వీటిలో ఏదో ఒక రోజున కొట్టంలో ఏ పశువు ఉండేదో, ఏది చూడితో ఉండేదో పెద్దవారికి తప్పక గుర్తుంటుంది. గ్రహణం నాడు చూడి ఆవును ఎక్కడ కట్టేశారన్న ఒక్క ప్రశ్నకు మా మేనత్త అరగంట మాట్లాడింది.

అడిగే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. ‘నాన్న ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడు’ అంటారు, అక్కడితో సరి. ‘సంతలో కోడెను కొనేటప్పుడు మొదట ఎక్కడ చూసేవారు?’ అని అడగండి. కొందరు కాళ్ళూ గిట్టలూ చూస్తారు, కొందరు సుడులు చూస్తారు, కొందరు నోరు తెరిచి పళ్ళు చూశాకే మిగతావి. పొట్టి కొమ్ములు, కాటుక దిద్దినట్టుండే కళ్ళు, నల్లని ముట్టె, మడతలు పడి వేలాడే గంగడోలు, నిలబడిన మూపురం అని జాతి లక్షణాలు ఎవరైనా చెబుతారు. మీ నాన్నగారు వాటిలో దేనికి రాజీపడేవారో, దేనికి పడేవారు కాదో చెప్పగలవారు వేరే ఉంటారు. తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరం చేసిన దళారి ఎవరైనా బతికి ఉంటే వెళ్ళి కలవండి. అంతకన్నా ముఖ్యంగా, పందెంలో ఆయన చేతిలో ఓడినవారిని కలవండి. అయినవాళ్ళు ఆయన మంచితనం చెబుతారు. ఎదుటి జతను తోలినవారైతే ఆయన బండ దగ్గర ఎడ్లను ఎప్పుడు అదిలించేవారో, ఎప్పుడు ఊపిరి తీసుకోనిచ్చేవారో, చర్నాకోల నిజంగా ఝళిపించేవారో ఊరికే పట్టుకునేవారో చెబుతారు.

ఇక అమ్మకం సంగతి. అన్నయ్యగారి మనసు నాకు అర్థమవుతోంది; ఎడ్లను అమ్ముకున్నారంటే ఓడిపోయినట్టు నలుగురూ అనుకుంటారేమోనన్నది ఆయన జంకు. కానీ ఆ పేజీ లేకపోతే ఈ పుస్తకం అచ్చు వేయవద్దనే నేను అంటాను. గుండ్లకమ్మకూ మూసికీ (హైదరాబాదు మూసి కాదు, మీ ప్రాంతపు ఏరే) నడుమనున్న నేల ఈ జాతికి పుట్టినిల్లు కావడానికి కారణం జొన్న చొప్ప, పశువుల బీళ్ళు, బరువు నేలలో దున్నగల ఎడ్ల అవసరం. వర్జీనియా పొగాకు వచ్చి జొన్నను తగ్గించింది. ఆ తర్వాత సుబాబుల్, జామాయిల్ తోటలు వచ్చాయి, బీళ్ళు కరిగాయి. దుక్కిని ట్రాక్టరు తీసుకుంది. పాల కోసమైతే సంకరజాతి ఆవో గేదెనో చాలన్నారు. ఒంగోలు ఎద్దును ఇంట పెట్టుకోవడం అవసరంగా మొదలై, మెల్లగా ముచ్చటగా, చివరకు భారంగా మారింది. ఆ మూడు దశలూ మీ నాన్నగారి ఒక్క జీవితంలోనే జరిగిపోయాయి. ఆయన చివరి జతను అమ్మి మీ చదువుకు కట్టారంటే, కొట్టంలో ఏళ్ళ తరబడి దాచుకున్న సొమ్మును బిడ్డ చేతిలో పెట్టినట్టే. దాన్ని దాచడం మీకూ న్యాయం కాదు, ఆయనకూ కాదు.

అయితే కన్నీళ్ళను మీరు కల్పించకండి. ఆయన ఏడ్చారో లేదో మీరు చూడకపోతే రాయకండి. ఎవరు కొన్నారు, ఎంత పలికాయి, ఆ రోజు పొద్దున మేత వేసింది ఎవరు, వీధి మలుపు దాకా వెంట వెళ్ళింది ఎవరు అన్నవి చాలు. పశువును అమ్మినా మెడకు కట్టే పలుపు ఇవ్వకుండా విప్పి ఇంట ఉంచుకోవడం చాలా ఇళ్లలో ఆచారం. మీ ఇంట్లో ఏ దూలానికైనా రెండు పలుపులు వేలాడుతున్నాయేమో అమ్మగారిని అడగండి. ఉంటే వాటి ఫోటో వేయండి.

బ్రెజిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 19వ శతాబ్దంలోనే ఈ పశువులు ఓడలెక్కి అక్కడికి చేరాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక, అక్కడివారు వీటిని ‘నెలోర్’ అన్నారు. నేడు ఆ దేశపు పశుసంపదలో అత్యధిక భాగం ఈ రక్తమే. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవుకు వేలంలో సుమారు 2 కోట్ల 10 లక్షల బ్రెజిల్ రియాళ్ళ విలువ కట్టారు. 1960ల తొలినాళ్ళలో వెళ్ళిన ఆబోతుల్లో ఒకటి, ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధమైంది. కాబట్టి మీ నాన్నగారి మాట జరగని పని కాదు. కానీ కొన్నవారి పేరో, రసీదో, చూసిన మనిషో దొరికితే తప్ప ‘మా ఊరి ఆబోతు వెళ్ళింది’ అని రాయకండి. ‘వెళ్ళిందని నాన్న చెప్పేవారు’ అని, ఆయన ఎవరికి, ఏ సందర్భంలో చెప్పేవారో రాయండి. ఆయన గురించిన పుస్తకానికి ఆ ఆబోతు ప్రయాణం కన్నా, ఆయన దాన్ని చెప్పుకున్న తీరే ఎక్కువ పనికి వస్తుంది.

ప్రశ్న: మా తాతగారికి ఉన్నది ఒకే ఒక ఫోటో, అందులో ఆయన ఎడ్ల జత మధ్య నిలబడి ఉన్నారు. పటం కట్టించడానికి ముఖం వరకే కత్తిరించి పెద్దది చేయిద్దామని మామయ్య అంటున్నారు. మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, అద్దంకి

జవాబు: కత్తిరించవద్దు. ముఖం ఒక్కటే పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా వచ్చి ఎవరో తెలియకుండా పోతుంది. అలాగే ఉంచితే ఎడమ వైపుది దాపటెద్దు, కుడి వైపుది వలపటెద్దు అని మీ పిల్లలకు చెప్పడానికైనా పనికి వస్తుంది. అయితే ఆయన ఫోటోలో ఎటు తిరిగి నిలబడ్డారో చూసుకోండి, లేకపోతే దాపట వలపట అవుతుంది. వెనక్కి తిప్పి రెండు ఎడ్ల పేర్లూ పెన్సిలుతో రాసిపెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఇరవై రోజులైంది. అప్పటి నుంచి ఆయన పితికే ఆవు సరిగా చేపడం లేదు, అంటే పాలు దింపడం లేదు, కళ్ళ వెంట నీరు కారుతోంది. అది ఆయన కోసం ఏడుస్తోందని అమ్మ కూడా అన్నం తినడం లేదు. నిజంగా పశువులు ఏడుస్తాయా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: రెండు విషయాలను విడదీసి చూడాలి. కళ్ళ నీరు దుఃఖం వల్ల వచ్చిందని చెప్పలేము. దుమ్ము, ఈగలు, కంటి పురుగు, కలక, ఏదైనా కారణం కావచ్చు. కనుక పశువైద్యుణ్ణి పిలిచి ముందు ఆవు కళ్ళు చూపించండి. ఆ నీరు ఆగితే అమ్మగారికి కూడా కొంత ఊరట కలుగుతుంది.

చేపకపోవడం మాత్రం మీ నాన్నగారు లేకపోవడం వల్లనే కావచ్చు. ఆవు పొదుగులో పాలు ఉన్నంత మాత్రాన దిగిరావు. దూడ ముట్టినప్పుడు, అలవాటైన చెయ్యి తగిలినప్పుడు, అలవాటైన అలికిడి విన్నప్పుడు దాని మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలను కిందికి తోస్తుంది. కొత్త మనిషిని చూసి బెదిరితే అడ్రినలిన్ ఆ పనిని అడ్డుకుంటుంది. పశువులు మనుషులను ముఖాన్ని బట్టి, వాసనను బట్టి, గొంతును బట్టి గుర్తుపడతాయి. ఏళ్ళ తరబడి ఒకే చేతికి అలవాటుపడిన ఆవుకు ఇరవై రోజులు చాలవు. తొందరపడి పాల సూది వేయించకండి, కాళ్ళకు బందం వేసి కొట్టకండి. రోజుకో మనిషి కాకుండా ఒక్కరే, ఆయన పితికే వేళకే, ఆయన కూర్చున్న వైపే కూర్చోవాలి. ముందు దూడను విడవండి, ఆయన వేసిన దాణాయే వేయండి. వీలైతే ఆ పని అమ్మగారికే అప్పగించండి, ఆ ఆవుకు ఇంట్లో ఆయన తర్వాత ఎక్కువ తెలిసిన మనిషి ఆమె అయి ఉంటారు.

పితికేముందు ఆయన ఆవును ఏదో ఒక మాటతో పిలిచి ఉంటారు, లేదా నాలుకతో ఏదో చప్పుడు చేసి ఉంటారు. అది ఏమిటో ఇంట్లో ఎవరికి గుర్తుందో ఈ సాయంత్రమే కనుక్కోండి.