అబ్లేషన్ తర్వాత దడ తిరగబెడుతుందో లేదో రక్తపరీక్ష చెప్పగలదా?

చెన్నైలో మీ నాన్నగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె లయ తప్పి దడ వచ్చే జబ్బు) అబ్లేషన్ (లయ తప్పించే గుండె కణజాలాన్ని పనిచేయకుండా చేసే చికిత్స) జరిగిందనీ, నెల తిరగకముందే కావలిలో చేయించిన రక్తపరీక్షలో ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ, సీఆర్‌పీ రెండూ ఎక్కువగా వచ్చాయనీ, అంటే జబ్బు మళ్లీ వస్తుందా అనీ అడిగారు. మా అమ్మకు ఇదే చికిత్స జరిగాక ఒంగోలులో ఇలాంటి రిపోర్టులు పట్టుకుని తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

ఆ రెండు అంకెలను బట్టి అలా తేల్చడానికి వీల్లేదు. గుండె గోడలు ఒత్తిడికి సాగినప్పుడు గుండె కండరం నుంచి వెలువడేది ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ. చికిత్సకు ముందే అది ఎక్కువగా ఉన్నవారిలో దడ తిరగబెట్టడం కొంత ఎక్కువని పలు అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే. ఎడమ కర్ణిక, అంటే గుండె పైభాగంలోని ఎడమ గది, అప్పటికే సాగి దెబ్బతిని ఉండటం అందుకు ఒక కారణం. కానీ వయసు మీదపడినా, కిడ్నీల పనితీరు తగ్గినా ఆ అంకె పెరుగుతుంది, ఊబకాయం ఉన్నవారిలో తక్కువగా కనిపిస్తుంది. అందుకే చికిత్సకు ముందు తీసిన అంకె, ఎకోలో (గుండె స్కానింగ్) ఎడమ కర్ణిక కొలత పక్కన పెట్టుకుని చూడకపోతే దానికి అర్థం ఉండదు.

ఒంట్లో ఎక్కడ వాపు, చీము ఉన్నా పెరిగే సీఆర్‌పీ సంగతి ఇంకా బలహీనం. కణజాలాన్ని కాల్చడమో అతిచల్లదనంతో గడ్డకట్టించడమో చేసే చికిత్స కనుక, ఆ తర్వాతి రోజుల్లో సీఆర్‌పీ, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ పెరగడం సహజం. మా అమ్మకు చాలా కాలం తర్వాత సీఆర్‌పీ పెరిగితే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి అమ్మ చెప్పు విప్పించారు. మడమలో తుమ్మముల్లు విరిగి చీము పట్టింది. పుండు మానాక అంకె దిగింది, గుండె లయ ఎప్పుడూ తప్పనే లేదు.

తిరగబెట్టిందని చెప్పేది రక్తం కాదు, ఈసీజీ. చికిత్స తర్వాత మొదటి 3 నెలలను గుండెలోని గాయం మానే కాలంగా లెక్కించేవారు. 2024లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ప్రకటన దాన్ని 8 వారాలకు కుదించింది. ఆ గడువు దాటాక ఈసీజీలోనో, ఒంటికి అంటించి రోజంతా గుండె లయను నమోదు చేసే హోల్టర్‌లోనో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లయ కనీసం 30 సెకన్లు నమోదైతేనే తిరగబెట్టినట్టు. గడువులోపల దడ వచ్చినా అశ్రద్ధ చేయకుండా ఈసీజీ తీయించండి. మన రోహిణీకార్తె ఎండల్లో చెమటకు హోల్టర్ స్టిక్కర్లు ఊడిపోతాయి కనుక అదనంగా టేపు వేయించుకోండి, దడ అనిపించిన సమయం కాగితం మీద రాయించండి.

రక్తపరీక్షకే డబ్బు పెట్టదలిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొటాషియం గురించి డాక్టరుగారిని అడగండి. థైరాయిడ్ ఎక్కువైతే ఈ దడ వస్తుంది, దానికి మందు ఉంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా దడకు కారణం కావచ్చు కనుక, ఆయనకు పెద్ద గురక ఉంటే అదీ చెప్పండి. రేపు ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ తగ్గినా రక్తం పలచబడే మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వయసు, బీపీ, షుగరు, గతంలో వచ్చిన పక్షవాతం వంటివి చూసి దాన్ని కొనసాగిస్తారు తప్ప, దడ తగ్గిందా లేదా అన్నది చూసి కాదు.