శ్రీకాకుళంలో మొదటి తుపాను: హెచ్చరిక వస్తే ఇంటికి వెళ్లాలా, ఉండిపోవాలా?

మీది కడప అన్నారు, ఈ ఏడే శ్రీకాకుళం జిల్లాలో కాలేజీలో చేరానన్నారు. తుపాను హెచ్చరిక వస్తే ఇంటికి వెళ్లిపోవాలా, ఉంటే ఏం సిద్ధం చేసుకోవాలి అని అడిగారు. నేనూ మీలాగే వచ్చినవాణ్ణి. మాది అనంతపురం జిల్లా. మబ్బు పడితే సంబరపడే ఊరు. 2018లో టెక్కలి దగ్గర సీటు వస్తే, ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే తిత్లీ తుపాను వచ్చింది.

ముందు మీ మొదటి ప్రశ్న. హెచ్చరిక వచ్చిన మొదటి రోజే టికెట్ దొరికితే వెళ్లండి, తప్పులేదు. ఆఖరి రోజు మాత్రం కదలొద్దు. నాతోపాటు గదిలో ఉండే స్నేహితుడు తిత్లీ తీరం దాటే ముందురోజు, అక్టోబరు 10 సాయంత్రం, నౌపడ స్టేషనుకు వెళ్లాడు. రైలు లేదు. తిరిగి రావడానికి ఆటో కూడా దొరకలేదు. రాత్రి తొమ్మిదింటికి వణుకుతూ గదికి చేరాడు. తుపాను వేళ దారిలో చిక్కుకోవడం కన్నా స్లాబు కింద ఉండటమే నయం. అయితే మీరుండేది సముద్రానికి దగ్గరైతే, ఖాళీ చేయమని అధికారులు చెబితే, మారు మాట్లాడకుండా తుపాను రక్షిత కేంద్రానికి వెళ్లిపోండి.

టీవీలో 'కళింగపట్నం ఓడరేవుకు ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక' అని చెబుతుంటారు. ఆ నంబరు గాలి వేగమని నేను అనుకునేవాణ్ణి. కాదు. ఆ ఓడరేవుకు ముప్పు ఎంత దగ్గరలో ఉందో చెప్పే గుర్తు అది. 1, 2 అంటే వాయుగుండమో తుపానో ఇంకా సముద్రంలో దూరంగా ఉందని. 8, 9 అంటే తీవ్ర తుపాను ఓడరేవుకు ఒక పక్కగా తీరం దాటుతుందని. 10 అంటే ఓడరేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుందని. 8 గానీ ఆపైన గానీ వచ్చిందంటే ఇక బయట పనులేవీ పెట్టుకోకండి.

అక్టోబరు 10 రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. ఒంటిగంట నుంచి గాలి పెరుగుతూ వచ్చింది. అది మనకు తెలిసిన ఈదురుగాలి కాదు. ఈదురుగాలి వచ్చి పోతుంది, ఇది ఆగదు. కిటికీ రెక్కలు గడియతో సహా ఊగుతున్నాయి. ఎవరింటి రేకులో ఎగిరి ఎక్కడో పడుతున్న చప్పుడు. కింద ఇంటి మామ్మ మమ్మల్నిద్దరినీ పిలిపించి, కిటికీలు లేని మధ్య గదిలో చాప వేయించింది. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగమని, ఒక్కోసారి 165 దాకా వెళ్లిందని తర్వాత తెలిసింది.

మధ్యలో గాలి కాస్త తగ్గినట్టనిపిస్తే నేను తలుపు తీయబోయాను. "తియ్యకు బాబూ, గాలి ఇంకా తిరగబడలేదు" అంది మామ్మ. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా వెళ్తే కాసేపు అంతా ప్రశాంతంగా ఉంటుంది, ఆ తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అప్పటికే వదులైన చెట్లు, గోడలు ఆ రెండో దెబ్బకు పడతాయి. గాలి తగ్గిందని బయటికి వెళ్లేది మనలాంటి కొత్తవాళ్లే.

మీరు అసలు సిద్ధం కావాల్సింది ఆ రాత్రికి కాదు, తర్వాతి పది రోజులకు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరక్కపోతే ట్యాంకులో నీళ్లుండవు. మొదటిరోజే బాత్రూముకు నీళ్లు అయిపోయాయి. మామ్మ వాళ్లు ముందురోజే గంగాళాలు, బిందెలు, ఆఖరికి వంటగిన్నెలు కూడా నింపి పెట్టారు కాబట్టి మేం గట్టెక్కాం. రెండు రోజుల తర్వాత జనరేటరు తెచ్చినవాళ్లు గంటకింత అని తీసుకుని ఒక్కో ఇంటి మోటారు వేశారు. సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. ఫోనులో డబ్బున్నా కొవ్వొత్తి కొనలేని పరిస్థితి. కాబట్టి హెచ్చరిక రాగానే రెండు వేలు చిన్న నోట్లలో తీసి ఉంచుకోండి. ఫోను, పవర్ బ్యాంకు నిండా ఛార్జింగ్ పెట్టుకోండి. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. నాకు బాగా పనికొచ్చినవి అటుకులు, బెల్లం, వేరుశనగ పప్పు.

ఇంకొకటి, ఇది మరవొద్దు. గాలి మొదలయ్యే ముందే ఇంటికి ఫోను చేసి "నాలుగు రోజులు నా ఫోను కలవకపోవచ్చు, కంగారుపడకండి" అని చెప్పండి. నేను చెప్పలేదు. మా అమ్మ మూడు రోజులు టీవీలో కూలిన చెట్లు చూస్తూ అన్నం ముట్టలేదట. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వాన వెలిసిందని అంతా అయిపోయిందనుకోకండి. ఒడిశా కొండల మీద పడ్డ నీళ్లు తర్వాత వంశధారకు వరదగా వచ్చాయి. నది ఒడ్డు ఊళ్ల వైపు చూడ్డానికి వెళ్లకండి. తెగిన తీగల దగ్గరికి పోవద్దు. చెత్త తీసేటప్పుడు కర్రతో కదిలించి చూడండి, పాములుంటాయి. నీళ్లు కాచుకునే తాగండి.

నాలుగో రోజున వజ్రపుకొత్తూరు వైపు మా క్లాస్‌మేట్ ఊరికి వెళ్లాం. అది ఉద్దానం, తోటల ప్రాంతం. అంతకుముందు ఒకసారి వెళ్లినప్పుడు దారంతా కొబ్బరి, జీడి, పనస నీడే. ఈసారి ఎండలో నడిచాం. కొబ్బరి చెట్లు అన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. వాళ్ల నాన్న తోటలో ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, ఏ ఏడు వేసిందో చెబుతున్నాడు. అక్కడ కొబ్బరి చెట్టును పెద్ద కొడుకు అంటారు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మేం చేయగలిగింది కొంచెమే: దారిలో పడ్డ మట్టలు లాగాం, నీళ్ల టిన్నులు మోశాం, నష్టం లెక్కల కాగితాలు రాసిపెట్టాం. మీకూ అలాంటి అవకాశం వస్తే సెలవులిచ్చారు కదా అని వెంటనే ఊరికి వెళ్లిపోకండి. ఒక్క రోజైనా వెళ్లి రండి. రాయడం వచ్చిన పిల్లలు ఆ సమయంలో వాళ్లకు చాలా అవసరం.

మా వీధికి కరెంటు దసరా దాటాక వచ్చింది. ఆ రోజు మామ్మ మా ఇద్దరికీ వేడి నీళ్లు పెట్టి తలస్నానం చేయించి గానీ కాలేజీకి పంపలేదు.

మీ గది ఏ అంతస్తులో ఉందో, పైన స్లాబో రేకులో రాయలేదు. రేకులైతే మాత్రం ఆలస్యం చేయకండి, అక్టోబరు రాకముందే గది మారండి. అడ్వాన్సు పోయినా సరే.