నైట్రిక్ ఆక్సైడ్ భయంతో గుండె మాత్ర ఆపేశారా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల పెరిగే రకం) అని చెప్పి, ఆ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ ఇచ్చారు, వాడుతోంది. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని ఏడాదిగా ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్ర కూడా వేసుకుంటోంది. ఆ మాత్ర వల్ల ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి క్యాన్సర్ పాకుతుందని ఒక వీడియోలో విని, నాలుగు రోజులుగా మాత్ర మానేసింది. ఈలోగా తమ్ముడు నీరసానికని ఆర్జినైన్ పౌడర్ తెచ్చాడు. దాని డబ్బా మీద ‘నైట్రిక్ ఆక్సైడ్ పెంచుతుంది’ అని గొప్పగా రాసి ఉంది. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అమ్మగారి గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, నాలుగు రోజులుగా మాత్ర లేదని చెప్పండి. మిగతాది తర్వాత చదవొచ్చు. ఈ రకం మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఛాతీనొప్పి తిరగబెడుతుంది, కొందరిలో గుండెపోటు దాకా వెళ్తుంది. మళ్లీ ఏ మోతాదుతో మొదలుపెట్టాలో ఆయన్నే అడగండి, మానేసిన మాత్రలన్నీ కలిపి వేయకండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఫోన్‌తో సరిపెట్టుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక వీడియో సంగతి. అందులో కొంత నిజం ఉంది, అందుకే మీ అమ్మగారు అంతగా భయపడ్డారు.

నైట్రిక్ ఆక్సైడ్ ఒక చిన్న వాయువు. ఒక నైట్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. మత్తు కోసం వాడే నైట్రస్ ఆక్సైడ్ వేరు, రెండూ ఒకటి కావు. రక్తనాళాల లోపలి పొరలోని కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని తయారుచేస్తాయి. కొన్ని సెకన్లే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే నాళం గోడలోని కండరాన్ని వదులు చేస్తుంది, నాళం వెడల్పవుతుంది, రక్తం సాఫీగా పారుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అమ్మగారి మాత్ర చేసే పని కూడా ఇదే. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో తలనొప్పి వచ్చి ఉంటే, తలలోని నాళాలూ వెడల్పు కావడమే కారణం.

మన తెల్లరక్తకణాల్లో కొన్ని ఇదే వాయువును పెద్ద మోతాదులో వదిలి సూక్ష్మజీవుల్ని, క్యాన్సర్ కణాల్ని చంపుతాయి. మరి అదే వాయువు క్యాన్సర్‌కు ఎలా సాయం చేస్తుంది? అంతా మోతాదులో ఉంది, ఎక్కడ, ఎంతసేపు తయారవుతోందన్న దానిలో ఉంది. రక్తనాళాల్లోని ఎంజైమ్ అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. కొన్ని కణితుల్లో మాత్రం ఐనాస్ అనే మరో ఎంజైమ్ మొదలైతే గంటలు, రోజుల తరబడి ఆగదు. ల్యాబ్‌లో కణితి ముక్కను పల్చగా కోసి ఆ ఎంజైమ్‌కు రంగు వేస్తే కణాలు గోధుమరంగులో కనిపిస్తాయి.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. మరీ ఎక్కువ కాని మోతాదులో నిరంతరం ఊరే నైట్రిక్ ఆక్సైడ్ ఆ కొత్త నాళాలు మొలవడానికి తోడ్పడుతుంది. నాళాల గోడలు కారేలా చేస్తుంది. క్యాన్సర్ కణాలు చావకుండా తట్టుకునే శక్తినిస్తుంది. కణాలు నాళాల్లోకి జారుకుని మరో అవయవానికి చేరే దారి ఇలా సులువవుతుంది. మోతాదు బాగా పెరిగితే కథ తిరగబడి, అవే కణాల డీఎన్ఏ దెబ్బతిని చనిపోతాయి. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈఆర్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్లలో ఐనాస్ ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం బతికినట్లు తేలింది. మీ అమ్మగారిది ఈఆర్ పాజిటివ్, అంటే వేరే రకం.

ఇది కణితి తన లోపల తాను తయారుచేసుకునే వాయువు గురించిన మాట. గుండె మాత్ర వేసుకున్నవారిలో క్యాన్సర్ పాకుతుందని దీనితో రుజువైనట్టు కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు కీమోతో పాటు నైట్రోగ్లిజరిన్ (అమ్మగారి మాత్ర లాంటి నైట్రేట్ మందే) ప్యాచ్ అంటించి కూడా చూశారు, కణితిలోకి మందు బాగా చేరుతుందన్న ఆశతో. తొలి ఫలితాలు ఆశ పుట్టించాయి గానీ తర్వాతి పెద్ద పరీక్షల్లో లాభం కనిపించలేదు.

దీనికి ఎదురు దారి కూడా పట్టారు. చికిత్సకు లొంగని ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్‌తో పాటు మరో రెండు గుర్తులూ లేని రకం) రొమ్ము క్యాన్సర్‌లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకునే మందును కీమోతో కలిపి ఇచ్చిన ఒక చిన్న పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. కొందరిలో కణితి తగ్గింది. అయితే ఈ వాయువు తగ్గితే బీపీ పెరుగుతుంది కాబట్టి వాళ్లకు బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. డాక్టర్లు అంత జాగ్రత్తగా చేసే పనిని ఇంట్లో గుండె మాత్ర మానేసి చేయలేం.

పౌడర్ విషయంలో మాత్రం నా సలహా సూటిగా ఉంటుంది: వద్దు. క్యాన్సర్ భయం కన్నా గుండె కోసమే వద్దంటున్నాను. గుండెపోటు వచ్చినవారికి ఆర్జినైన్ ఇచ్చి చూసిన ఒక పరీక్ష 2006లో ప్రచురితమైంది. అందులో ఆర్జినైన్ తీసుకున్నవారిలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఒక్కరూ చనిపోలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పైగా నైట్రేట్ మాత్రతో కలిస్తే బీపీ మరీ పడిపోవచ్చు. మామూలు తిండిలో ఉండే ఆర్జినైన్ గురించి ఏ భయమూ పెట్టుకోకండి.

నీరసానికి అసలు కారణం వెతకాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. ఎముకల్లో తగ్గని నొప్పి, విడవని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే క్యాన్సర్ డాక్టర్‌కు వెంటనే చెప్పండి. లెట్రోజోల్ ఆపొద్దు. ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ పౌడర్ డబ్బాను కూడా సంచీలో పెట్టుకెళ్లండి. లేబుల్ మీద ఆర్జినైన్‌తో పాటు ఇంకేం కలిపారో డాక్టర్ ఒకసారి చూడాలి.